ఇల్లు సరే, ఊళ్ళోనా? వెలివాడలోనా?

(పట్టణ పేదల ఇళ్ళస్థలాల సమస్య మీద జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులకీ, వేదిక మీదున్న పెద్దలకీ, తెల్లవారుజామున చీపురు పట్టి, డ్యూటీ దిగి, ఇంటికైనా పోకుండా నేరుగా ఇక్కడికొచ్చిన మునిసిపల్ కార్మిక అక్కలకీ అన్నలకీ జై భీమ్.

నాకిచ్చిన విషయం ఏందంటే, పట్టణాలన్నీ కలిసి పేదల ఇళ్ళ కోసం ఉమ్మడిగా ఒక నిధి పెట్టుకోవడం. ఒక్కో మునిసిపాలిటీ తన బడ్జెట్లోంచి కొంత తీసి ఆ నిధిలో వెయ్యడం. అమెరికాలో అట్లా చేస్తున్నారంట గదా, దాని మంచీ చెడ్డా చెప్పమన్నారు. చెప్తాను. అమెరికా గొప్పలు పొగడటానికి మాత్రం నేనిక్కడ నిలబడలేదు. అక్కడ నల్లవాళ్ళు తరాల తరబడి కొట్లాడిన నేల మీద పుట్టిన పద్ధతి అది. మన కొట్లాటకి దాంట్లో ఏం పనికొస్తుంది, ఏం పనికిరాదు అన్న లెక్కనే చూద్దాం.

ముందు ఆ ఊళ్ళు ఎక్కడివో చెప్తా. అమెరికా పడమటి తీరాన వాషింగ్టన్ రాష్ట్రం ఉంది. అందులో పెద్ద నగరం సియాటిల్. సియాటిల్‌కి తూర్పున ఒక పెద్ద సరస్సు. ఆ సరస్సు అవతలి గట్టున బెల్‌వ్యూ, కర్క్‌లాండ్, రెడ్‌మండ్ అనే పట్టణాలున్నాయి. మైక్రోసాఫ్ట్ కంపెనీ రెడ్‌మండ్‌లోనే ఉంది. మన తెలుగు కుర్రాళ్ళు వేలమంది అక్కడ కాపురాలుంటున్నారు. కంపెనీలొచ్చాయి, జీతాలు పెరిగాయి, ఇళ్ళ ధరలు ఆకాశానికెక్కాయి. బళ్ళో పాఠం చెప్పే పంతులమ్మకీ, ఆస్పత్రి తుడిచే ఆయాకీ, బస్సు తోలే డ్రైవరుకీ ఆ ఊళ్ళో అద్దె ఇల్లు అందకుండా పోయింది. పొద్దున వచ్చి పని చెయ్యాలి, సందేళకి ఊరు దాటి పోవాలి. ఈ ఏర్పాటు మనకి కొత్తా? ఊరికి మన చేతులు కావాలి, మన కాపురం అక్కర్లేదు. మన తాత ముత్తాతల నాటి నుంచీ చూస్తున్నదే గదా.

1992లో ఆ మూడు పట్టణాలూ, అవి ఉన్న కింగ్ కౌంటీ, అంటే మన జిల్లా లాంటిది, కలిసి ఒక ఒప్పందం రాసుకున్నాయి. దాని పేరు ‘ఆర్చ్’. గృహవసతి కోసం ప్రాంతీయ కూటమి అని దానర్థం. తర్వాత ఒక్కొక్క ఊరూ వచ్చి చేరింది. బిల్ గేట్స్ ఇల్లున్న మెడైనా అనే చిన్న ఊరు కూడా అందులో ఉంది. అందరూ కోటీశ్వరులే ఉండే ఊరు గూడా పేదల ఇళ్ళ నిధికి చందా కడుతుందన్నమాట. చందా కడుతుంది సరే, తన నేల మీద ఆ పేదల్ని ఉండనిస్తుందా? ఆ ప్రశ్నని పక్కన పెట్టుకోండి, మళ్ళీ అక్కడికే వద్దాం.

ఈ నిధి ఎట్లా నడుస్తుంది? ప్రతి ఊరి కౌన్సిలూ తన బడ్జెట్లో ఇంత అని కేటాయిస్తుంది. కొన్ని ఊళ్ళు డబ్బుకి తోడు స్థలం ఇస్తాయి, పర్మిట్ ఫీజు తగ్గిస్తాయి. లాభం లేకుండా ఇళ్ళు కట్టే సంస్థలు దరఖాస్తు పెట్టుకుంటాయి. పౌరుల కమిటీ ఒకటి కూర్చుని ఆ దరఖాస్తులు చూస్తుంది. సభ్య ఊళ్ళ బోర్డు సిఫారసు చేస్తుంది. ఆఖరికి ఏ ఊరి సొమ్ము వాడాలన్నా ఆ ఊరి కౌన్సిలే ఓటు వెయ్యాలి. ఈ నిధి ఒక్కదానితో భవనం లేవదు. బ్యాంకు అప్పు ఉంటుంది, కౌంటీ సొమ్ము, రాష్ట్రం సొమ్ము ఉంటాయి. 1986 నుంచీ కేంద్రం ఇచ్చే పన్ను రాయితీ ఉంది, దాన్ని చూపిస్తే పెట్టుబడి వస్తుంది. అవన్నీ పోగేసినాక ఇంకా కొంత తక్కువ పడుతుంది. ఆ కంత పూడ్చేది ఈ ఉమ్మడి నిధి. చిన్నదే, కానీ ‘ఈ ఊళ్ళు తమ జేబులోంచి పెట్టాయి’ అని తెలిస్తేనే పై వాళ్ళు ముందుకొస్తారు.

కట్టిన ఇల్లు ఎవరికిస్తారు? ఆ ప్రాంతంలో నడిమి తరగతి కుటుంబం ఆదాయం ఎంతో లెక్క తీస్తారు. అందులో మూడో వంతు కూడా లేనివాళ్ళకి కొన్ని, సగం ఉన్నవాళ్ళకి కొన్ని, ఆపైన కొంచెం ఉన్నవాళ్ళకి కొన్ని అని వాటాలు కడతారు. ఈ ఇంటి అద్దె ఇన్ని దశాబ్దాల పాటు ఇంతకి మించకూడదు అని దస్తావేజులోనే షరతు రాస్తారు. ఆ భవనం చేతులు మారినా షరతు మారదు. మనకాడ సర్కారు ఇచ్చిన ఇల్లు పదేళ్ళు తిరక్కుండానే వడ్డీ వ్యాపారి చేతిలో పడుతుంటే చూస్తున్నాం గనక ఈ సంగతి చెప్తున్నా.

సరస్సు తూర్పు గట్టు డబ్బున్నోళ్ళది. సియాటిల్‌కి దక్షిణాన ఉన్న కెంట్, ఆబర్న్, రెంటన్, టక్‌విలా లాంటి ఊళ్ళు కూలీనాలీ చేసేవాళ్ళవి, నల్లవాళ్ళవి, వలస వచ్చినవాళ్ళవి. 2019లో రాష్ట్రం ఒక చట్టం చేసింది. రాష్ట్రానికి పోయే అమ్మకం పన్నులోంచి కొంచెం ఊళ్ళే 20 ఏళ్ళపాటు అట్టిపెట్టుకుని పేదల ఇళ్ళకి వాడుకోవచ్చు అన్నారు. చిన్న ఊరికి వచ్చే ఆ కొంచెంతో నాలుగు గదులు గూడా లేవవు. అందుకని పది చిన్న వాటాలు ఒకచోట పొయ్యవచ్చని గూడా ఆ చట్టమే చెప్పింది. ఆ ఏడాదే దక్షిణపు ఊళ్ళు కూడా తమ కూటమి కట్టుకున్నాయి. ఒక ఊరు చేరితే నిధి పెరుగుతుంది. ఒక ఊరు ‘మాకెందుకు’ అని తప్పుకుంటే దాని పేదల బరువు పక్క ఊరి మీద పడుతుంది. కాబట్టి ఒక పట్టణం ఇట్లాంటి నిధిలో చేరడమంటే చందా కట్టడం ఒక్కటే కాదు. ఈ ప్రాంతంలో ఉన్న పేదవాళ్ళు నా వాళ్ళు కూడా అని కాగితం మీద ఒప్పుకోవడం.

ఇప్పుడు దీని వెనక కథ చెప్తాను. ఇందాక దస్తావేజు షరతు అన్నాను గదా. ఆ సియాటిల్లోనే 1920లు, 30లు, 40లలో దస్తావేజుల్లో వేరే షరతులు రాసేవాళ్ళు. ఈ ఇంటిని నల్లవాళ్ళకి అమ్మకూడదు, అద్దెకివ్వకూడదు. యూదులకివ్వకూడదు. ఆసియా వాళ్ళకివ్వకూడదు. తెల్లవాళ్ళ ఇంట్లో పనిమనిషిగా అయితే ఉండొచ్చు! చూడండి, పాకీ పనికి లోపలికి రావొచ్చు, పడుకోవడానికి రాకూడదు. 1921లో ఆ రాష్ట్రం ఇంకో చట్టం చేసింది. పౌరసత్వానికి అర్హత లేని విదేశీయులు భూమి కొనకూడదని. జపాన్ వాళ్ళని గురిపెట్టి చేసిన చట్టం. పౌరసత్వానికి అర్హత లేదంటే మన దేశపు వాళ్ళకీ తగిలింది. ఎందుకంటే భగత్‌సింగ్ థింద్ అనే పంజాబీ ఆయన పౌరసత్వం కోసం సుప్రీంకోర్టు దాకా పోయాడు. ఆయన తరఫు వాదన ఏంది? ‘నేను పైకులం వాణ్ణి, ఆర్యుణ్ణి, కాబట్టి తెల్లవాడి కిందే లెక్క’ అని! 1923లో కోర్టు కుదరదంది. కుల సర్టిఫికెట్ చూపిస్తే తెల్లవాడు పక్కన కూర్చోబెట్టుకుంటాడనుకున్నారు. అక్కడ ఆ కాగితం చెల్లలేదు. ఆ భూమి చట్టాన్ని జనం ఓటు వేసి తీసేసింది 1966లో.

దస్తావేజుల షరతుల్ని కోర్టులు అమలు చెయ్యకూడదని అమెరికా సుప్రీంకోర్టు 1948లో చెప్పింది. అయినా ఇళ్ళు దొరకలేదు. 1964లో సియాటిల్లో ఓటు పెట్టారు, ఇల్లు అమ్మేటప్పుడు, అద్దెకిచ్చేటప్పుడు రంగు చూడకూడదనే చట్టం కావాలా వద్దా అని. రెండింతల మెజారిటీతో వద్దన్నారు. చదువుకున్నవాళ్ళ నగరం, ఉదారవాదుల నగరం! 1967లో సామ్ స్మిత్ అనే నల్ల నాయకుడు మొదటిసారి ఆ కౌన్సిల్లో అడుగుపెట్టాడు. 1968 ఏప్రిల్లో మార్టిన్ లూథర్ కింగ్‌ని చంపేశారు. ఆ నెలలోనే దేశానికంతటికీ ఇళ్ళలో వివక్ష నిషేధ చట్టం వచ్చింది, సియాటిల్ కౌన్సిల్ కూడా సామ్ స్మిత్ ముందుండగా తన చట్టం చేసింది. జనం ఓటుతో రాని హక్కు అది. కౌన్సిల్లో మనిషి ఉండటం, బయట కొట్లాట ఉండటం, రెండూ కలిస్తే వచ్చింది. రాజ్యాధికారం అని మనం ఊరికే అంటున్నామా?

2023లో ఆ వాషింగ్టన్ రాష్ట్రమే ఒక పని చేసింది. ఆ పాత షరతుల వల్ల ఇల్లు కొనుక్కోలేకపోయిన కుటుంబాలకీ, వాళ్ళ సంతతికీ ఇల్లు కొనుక్కోవడానికి సాయం చేసే చట్టం తెచ్చింది. దానికి డబ్బు ఎక్కణ్ణుంచి? దస్తావేజులు నమోదు చేసుకునేటప్పుడు కట్టే ఫీజు మీద వంద డాలర్లు అదనంగా వేసి. ఏ దస్తావేజుతో అన్యాయం చేశారో ఆ దస్తావేజు మీదే పరిహారం వసూలు చేస్తున్నారు. ఆ ఏడాది ఫిబ్రవరిలోనే సియాటిల్ నగరం కులవివక్షని నిషేధిస్తూ చట్టం చేసింది, ఉద్యోగంలోనూ ఇంటి అద్దెలోనూ. దక్షిణాసియా బయట ఒక నగరం అట్లాంటి చట్టం చెయ్యడం అదే మొదలు. మరి సియాటిల్ చట్టం సియాటిల్ పొలిమేర వరకే. సరస్సు దాటితే బెల్‌వ్యూ, రెడ్‌మండ్ వేరే ఊళ్ళు. కాలిఫోర్నియాలో శాసనసభ అదే మాదిరి బిల్లు పాస్ చేస్తే గవర్నరు 2023 అక్టోబర్లో తిప్పి పంపాడు. మనోళ్ళు విమానం ఎక్కినప్పుడు సూట్‌కేసుతో పాటు ఇంకేం తీసుకుపోయారో ఆ దేశం వాళ్ళకి కూడా అర్థమయిందన్నమాట.

ఇప్పుడు పక్కన పెట్టిన ప్రశ్నకి వద్దాం. చందా కట్టి, మనిషిని రానివ్వకపోతే? దీనికి న్యూజెర్సీ రాష్ట్రంలో పెద్ద ఉదాహరణ ఉంది. మౌంట్ లారెల్ అనే ఊరు. ఎథెల్ లారెన్స్ అనే నల్ల తల్లి అక్కడ తరతరాలుగా ఉన్న కుటుంబంలో పుట్టింది. చిన్నపిల్లల బళ్ళో పంతులమ్మ. తమ పిల్లలు అదే ఊళ్ళో ఉండేటట్టు చిన్న ఇళ్ళు కట్టుకోనియ్యమని 1970 ప్రాంతంలో అడిగారు. ఊళ్ళో ఉండే స్తోమత లేకపోతే వేరే చోటికి పోండి అన్నారు ఊరి పెద్దలు. కోర్టుకెక్కారు. 1975లో, మళ్ళీ 1983లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు చెప్పింది, ప్రతి ఊరూ ఆ ప్రాంతపు పేదల ఇళ్ళలో తన వాటా మొయ్యాల్సిందే, తప్పించుకోవడానికి ప్లాను కాగితాల్ని అడ్డం పెట్టుకోకూడదు అని.

అప్పుడు ఏం చేశారు? 1985లో శాసనసభ చట్టం చేసి అందులో ఒక దొడ్డిదారి పెట్టింది. ఒక ఊరు తన వాటా ఇళ్ళలో సగం దాకా ఇంకో ఊరికి బదిలీ చెయ్యొచ్చు, ఆ ఊరికి డబ్బు కడితే చాలు. డబ్బున్న తెల్ల ఊళ్ళు చెక్కు రాసిచ్చాయి. ఇళ్ళు నల్లవాళ్ళూ పేదవాళ్ళూ ఇప్పటికే కిక్కిరిసి ఉన్న పాత పట్టణాలకి పోయాయి. పేరేమో ప్రాంతీయ సహకారం! పనేమో వెలి. 23 ఏళ్ళ తర్వాత, 2008లో ఆ దొడ్డిదారి మూశారు. ఎథెల్ లారెన్స్ 1994లో చనిపోయింది. ఆమె పేరు పెట్టిన ఇళ్ళల్లోకి మౌంట్ లారెల్లో జనం దిగింది 2000లో. ముప్పై ఏళ్ళ పోరాటం. పేదవాళ్ళొస్తే ఇళ్ళ ధరలు పడిపోతాయి, దొంగతనాలు పెరుగుతాయి అని గోలపెట్టారు గదా, డగ్లస్ మాసీ అనే సామాజిక శాస్త్రవేత్త బృందం పరిశీలించి 2013లో పుస్తకం వేసింది. ధరలు పడలేదు, నేరాలు పెరగలేదు అని తేల్చింది.

అన్నలారా, అక్కలారా, ఈ రెండు కథలూ పక్కపక్కన పెట్టుకోండి. ఉమ్మడి నిధి అనే మాట రెండు చోట్లా ఉంది. ఒకచోట అది ఊళ్ళని బాధ్యతలోకి లాగింది. ఇంకోచోట అదే బాధ్యత నుంచి తప్పించుకోవడానికి రేటు కట్టింది. తేడా డబ్బులో లేదు. ఇల్లు ఏ నేల మీద లేస్తుంది, ఎవరు నిర్ణయిస్తారు అన్న దాంట్లో ఉంది.

మనకాడికి వద్దాం. 1917లో బాబాసాహెబ్ అమెరికాలో చదువుకొని వచ్చి బరోడా సంస్థానంలో ఉద్యోగంలో చేరారు. నగరంలో తల దాచుకోవడానికి గది దొరకలేదు. పార్సీల సత్రంలో పేరు మార్చుకొని ఉంటే, పదకొండో రోజున కర్రలు పట్టుకుని వచ్చి వెళ్ళగొట్టారు. సంస్థానపు ఆఫీసరు, పోయే చోటు లేక పార్కులో దిగులుగా కూర్చున్న సంగతి ఆయనే రాసుకున్నారు. అమెరికా కోర్టు 1948లో షరతులు చెల్లవంటే, మన సుప్రీంకోర్టు 2005లో ఒక సహకార గృహ సంఘం తన సభ్యత్వాన్ని ఒకే మతస్థులకి పరిమితం చేసుకునే నిబంధన చెల్లుతుందని తీర్పిచ్చింది. అది పార్సీల సంఘం కేసు. చిన్న మైనారిటీని తప్పుబట్టడానికి చెప్పడంలేదు. ఆ తలుపు తెరిస్తే అందులోంచి కులసంఘాల కాలనీలన్నీ నడిచిపోతాయి, అదీ నా భయం. ఇక అద్దె ఇళ్ళ సంగతి మీకు నేను చెప్పాలా? ‘శాకాహారులకు మాత్రమే’ అని బోర్డు. ‘మీరేమిట్లు?’ అని మొదటి ప్రశ్న. 1968లో అమెరికా చేసుకున్న లాంటి చట్టం, ప్రైవేటు ఇంటి అద్దెలో కులం అడిగితే తప్పు అనే పూర్తి చట్టం, మన దేశానికి లేదు.

1985 జూలై 17న కారంచేడులో మాదిగల్ని చంపారు. బతికినవాళ్ళు చీరాల వచ్చారు. మళ్ళీ ఆ ఊరికి పొమ్మంటే పోమన్నారు. చీరాలలోనే విజయనగర్ కాలనీ కట్టించుకున్నారు. 1991 ఆగస్టు 6న చుండూరులో మాలల్ని నరికారు. బతికినవాళ్ళు తెనాలి వచ్చి శిబిరం వేశారు. పట్నం మనకి సుఖం కోసం కాదు, ప్రాణం కోసం. ఊరి పెత్తనం నుంచి పారిపోయి వచ్చినవాణ్ణి పట్నం మళ్ళీ పొలిమేర బయటికి నెడితే వాడు ఎక్కడికి పోవాలి?

నెడుతున్నారు. విజయవాడలో వాంబే కాలనీ, జక్కంపూడి కాలనీ ఎక్కడ కట్టారో తెలుసు గదా. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు ఎవరి ఇళ్ళు మునిగాయో గూడా తెలుసు. మెరక ఊరికి, పల్లం మనకి. హైదరాబాదులో కొల్లూరు దగ్గర, అవుటర్ రింగ్ రోడ్డు పక్కన, 15,660 డబుల్ బెడ్‌రూమ్ ఇళ్ళు కట్టి 2023 జూన్లో ప్రారంభించారు. భవనాలు బాగున్నాయి, కాదనను. పాతబస్తీలో ఇళ్ళల్లో పనిచేసే ఆమె ముప్పై కిలోమీటర్ల పైచిలుకు ఎట్లా వచ్చిపోవాలి? బస్సు చార్జీ అద్దెతో సమానమయితే ఆ ఇల్లు ఉచితమెట్లా అవుతుంది? అదే హైదరాబాదులో, సికింద్రాబాదు ఐ.డి.హెచ్. కాలనీలో జనం ఉన్నచోటే పాత ఇళ్ళు తీసి 396 ఇళ్ళు కట్టి 2015లో ఇచ్చారు. ఉన్నచోట కట్టడం సాధ్యమేనని ఆ ప్రభుత్వమే రుజువు చేసింది. సాధ్యం కానిదల్లా ఖరీదైన నేల మనకి వదిలెయ్యడం.

అమరావతి చూడండి. 2014 రాజధాని ప్రాంత చట్టంలోనే పేదల ఇళ్ళకి అయిదు శాతం నేల అని రాశారు. కాగితం మీద గొప్ప మాట. 2023 మేలో అప్పటి ప్రభుత్వం విజయవాడ, గుంటూరు వైపు పేద మహిళలు యాభై వేల పైచిలుకు మందికి అక్కడ పట్టాలు పంచింది. ఆగస్టులో హైకోర్టు నిర్మాణం ఆపింది. పేదలొస్తే జనాభా సమతుల్యత చెడుతుందనే వాదన కోర్టు దాకా వచ్చిందని అప్పటి ముఖ్యమంత్రి సభల్లో పదేపదే చెప్పారు. రైతులు చెప్పింది వేరు, రాజధాని కోసం ఇచ్చిన నేలని ప్లాను మార్చి వాడకూడదని. మనం రెండు పక్షాల్నీ అడగాలి. ఇచ్చిందెంత? ఒక్క సెంటు. 48 గజాలు. రాజధాని వద్దని పనులు ఆపేసినచోట సెంటు స్థలం ఇస్తే అక్కడ పనేది? ఇటుపక్క, అంతకుముందు 2016లో భూసమీకరణలో అసైన్డు భూముల దళిత రైతులకి పట్టా భూముల వాళ్ళతో సమానంగా ప్లాట్లు ఎందుకివ్వలేదు? నేల తీసుకునేటప్పుడు మనది తక్కువ రేటు, నేల ఇచ్చేటప్పుడు మనకి తక్కువ కొలత. పార్టీలు మారాయి, తక్కెడ మారలేదు.

ఇక్కడ మనలోనే కొందరు ఒక ప్రశ్న వేస్తారు. బాబాసాహెబే 1942 నాగపూర్ మహాసభలో మనకి వేరే గ్రామాలు కావాలన్నారు గదా, మరి వేరే కాలనీ ఇస్తే వద్దంటారేంది అని. మంచి ప్రశ్నే. ఆయన అడిగిన వేరు గ్రామంలో సాగుకి భూమి ఉంది. ఇంకొకరి పొలంలో వంగి బతకాల్సిన పని లేదు. దాని పాలన మన చేతిలో ఉంది. భూమిని బట్టి, అధికారాన్ని బట్టి అది స్వతంత్రం. ఇప్పుడు ఇస్తున్న కాలనీలో భూమి లేదు, పని లేదు, బడి లేదు, కౌన్సిల్లో గొంతు లేదు. పొద్దున్నే లేచి మళ్ళీ ఆ ఊరికే పనికి పోవాలి. బాబాసాహెబ్ అడిగింది విడుదల. వీళ్ళిచ్చేది దూరం. రెండూ ఒకటే అనేవాళ్ళకి ఆయన అర్థం కాలేదు.

ఇంకో సంగతి. పల్లెల్లో ఇందిరా ఆవాస్ యోజన నాటి నుంచీ, 2016లో అది ప్రధానమంత్రి పథకంగా మారినాక కూడా, అరవై శాతం ఎస్.సి., ఎస్.టి.లకి అని నిబంధన ఉంది. 2015లో పట్టణాలకి తెచ్చిన పథకంలో ‘ప్రాధాన్యం ఇవ్వాలి’ అన్నారేగానీ వాటా రాయలేదు. ప్రాధాన్యం అనే మాటకి లెక్క లేదు. లెక్క లేనిదాన్ని అడగలేం. అమెరికాలో ఈ నిధుల్లో ఆదాయమే కొలత, ఇన్ని ఇళ్ళు నల్లవాళ్ళకి అని వాటా రాయరు. మనకి ఆ ఇబ్బంది లేదు. రాజ్యాంగం 15వ అధికరణం, 46వ అధికరణం మనకి వాటా రాసే దారి ఇచ్చాయి. ఈ ఒక్క విషయంలో మన చట్టం చేతిలో వాళ్ళకన్నా పదునైన పనిముట్టు ఉంది, దాన్ని తుప్పు పట్టనిస్తున్నాం. 2013లో కొట్లాడి ఉపప్రణాళిక చట్టం తెచ్చుకున్నాం. అయినా అందరికీ వేసే రోడ్డు ఖర్చులో ఒక ముక్క మన ఖాతాలో రాసే సందు ఆ చట్టంలోనే మిగిలింది. రేపు ఉమ్మడి ఇళ్ళ నిధి పెట్టినా అట్లాంటి సందు వెతుకుతారు.

అయితే ఉమ్మడి నిధి మనకి వద్దా? కావాలి. చిన్న మునిసిపాలిటీకి జీతాలకే సరిపోదు, ఇళ్ళేం కడుతుంది? పట్నం చుట్టూ పెరిగిన ఊళ్ళు పట్నం ఆదాయం తింటాయి, పట్నం పేదల్ని మొయ్యవు. కలిపి మొయ్యాల్సిందే. 74వ సవరణలో మురికివాడల బాగుసేత, పట్టణ పేదరిక నిర్మూలన మునిసిపాలిటీల పనుల జాబితాలోనే ఉన్నాయి. పది లక్షలు దాటిన మహానగర ప్రాంతాలకి ప్రణాళికా కమిటీ వెయ్యాలని కూడా ఉంది. రిజిస్ట్రేషన్లప్పుడు వసూలు చేసే బదిలీ సుంకం స్థానిక సంస్థలకి చేరాల్సిన సొమ్ము. నేల ధర పెరిగినచోట ఆ సొమ్మూ పెరుగుతుంది. అందులో ఒక భాగం ఉమ్మడి ఇళ్ళ నిధికి కట్టమని అడుగుదాం. నేల ధర పెరిగి మనం బయటపడ్డాం గనక, ఆ పెరుగుదలలోంచే మన ఇల్లు రావాలి.

అడిగేటప్పుడు ఈ అయిదూ రాయించుకోవాలి. ఒకటి, ఏ ఊరూ డబ్బు కట్టి తన వాటా ఇళ్ళు పక్క ఊరికి తోయకూడదు. రెండు, ముందు ఉన్నచోటే కట్టాలి, అది కుదరకపోతే పనికి నడిచో, ఒక్క బస్సులోనో పోగలిగిన దూరంలో కట్టాలి, వరద పల్లంలో కట్టకూడదు. మూడు, ఎస్.సి., ఎస్.టి.ల వాటా అంకెల్లో రాయాలి, ఆ ఇళ్ళు ఒక మూల వేరే బ్లాకుగా కాకుండా అన్ని బ్లాకుల్లో కలిసి ఉండాలి. నాలుగు, నిధి కమిటీలో మనవాళ్ళు, అందులో ఆడవాళ్ళు, ఓటుతో కూర్చోవాలి. అయిదు, ఇల్లు ఆడమనిషి పేరున ఉండాలి, అప్పులవాడు గుంజుకోకుండా దస్తావేజులో షరతు ఉండాలి.

ఇది రేపే వస్తుందని చెప్పను. మౌంట్ లారెల్ వాళ్ళకి ముప్పై ఏళ్ళు పట్టింది. రేపు చెయ్యగలిగింది చెప్తాను. మన మునిసిపాలిటీ బడ్జెట్ కాపీ 2005 సమాచార హక్కు చట్టం కింద అడగండి. బదిలీ సుంకం ఎంత వచ్చింది, పేదల ఇళ్ళకి, మురికివాడలకి ఎంత పెట్టారు, ఆ ఖర్చు ఏ వార్డుల్లో చేశారు అని మూడు ప్రశ్నలు రాయండి. రాయడం రానివాళ్ళకి సంఘం కుర్రాళ్ళు రాసిపెడతారు, సభ అయినాక ఆ బల్ల దగ్గర కూర్చుంటారు. జవాబు వచ్చినాక ఆ కాగితం పట్టుకుని కౌన్సిల్ మీటింగు రోజున అందరం పోదాం. ఊరిని శుభ్రం చేసే చేతులు ఊరి లెక్క గూడా చూడగలవని వాళ్ళకి తెలియాలి.

జై భీమ్.